మూత కింద పుల్ల

పోయిన వారం మనం చిన్నకోడల్ని నీలం ఐస్ పెట్టె ముందు మోకాళ్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. చేతిలో వేలెడు పొడుగు ఎండుపుల్ల. ఇందాకటిదాకా ఆ పుల్ల పెట్టె మూత కింద ఉంది.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్లు కంగారుపడక్కర్లేదు, సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నాలుగేళ్ల కిందట మామగారు రిటైరైన రోజు చిన్నకోడలి ఇంట్లో విందు జరిగింది. ఆవిడ చేసిన కస్టర్డ్ తిని పంతొమ్మిది మంది మంచం పట్టారు. మామగారైతే రెండు రోజులు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకున్నారు. అప్పటిదాకా ఇరవై ఆఫీసులకి భోజనం డబ్బాలు పంపే వంటిల్లు ఆవిడది. నెల తిరక్కుండా మూతపడింది. ఇప్పుడు స్టేషనరీ దుకాణం కౌంటర్ వెనకాల నిలబడి పెన్నులూ నోటుపుస్తకాలూ అమ్ముతోంది. ఇంట్లో ఎవరూ ఆవిణ్ని పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆవిడ చేతి వంట కంచంలో పడగానే, కలుపుకునే ముందు ఒకసారి వాసన చూస్తారు. మాట కంటే అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు మొత్తం కుటుంబం సరస్సు ఒడ్డున రెండు గుడారాలు వేసుకుని మూడు రోజులు గడపడానికి వచ్చింది. తిండి సంగతి చిన్నకోడలే చూసుకోవాలని మామగారు పట్టుబట్టారు. ఎందుకంత పట్టుబట్టారో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. అటు ఒక ఆఫీసు క్యాంటీన్ వాళ్లు వంటిల్లు అప్పగిస్తాం, సోమవారం లోగా ఏ సంగతో చెప్పమన్నారు. ఆవిడ మనసులో ఒక లెక్క వేసుకుంది. ఈ మూడు రోజులూ ఎవరికీ కడుపులో చిన్న నొప్పి కూడా రాకుండా గడిస్తే సరేనంటుంది. వస్తే, ఇక జన్మలో గరిటె పట్టదు.

రెండో రోజు మధ్యాహ్నం కావస్తుండగా గుడ్లు తీద్దామని వెళితే, మూత కింద పుల్ల.

చిన్నకోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎంత జాగ్రత్త పడిందని! పది నీళ్ల సీసాలు రెండు రోజుల ముందే ఫ్రీజర్లో పెట్టి రాళ్లలా గడ్డకట్టించింది. కోడిమాంసం పలచగా పరిచి పొట్లాలు కట్టి, అదీ గడ్డకట్టాకే పెట్టెలో సర్దింది. త్వరగా పాడయ్యేవి మొదటి రోజుకి, గట్టిగా నిలిచేవి తర్వాతకి. ఆఖరి రోజుకి ఐస్ అవసరమే లేని బంగాళాదుంపలూ పప్పూ బియ్యం. ప్రతి పొట్లం మీదా ఏ రోజు, ఏ పూట అని రాసింది. పిల్లలు గంటకోసారి జ్యూస్ కోసం ఎగబడతారని వాళ్లకి వేరే ఎర్ర పెట్టె పెట్టి, ఈ నీలం పెట్టె రోజుకి మూడుసార్లు తప్ప తెరవకూడదని అందరికీ చెప్పింది. మీద తడి దుప్పటి కప్పి, వ్యాను నీడ ఎటు జరిగితే పెట్టెనీ అటు జరుపుతూ వచ్చింది. దాని చుట్టూ తిరిగినంత తన చుట్టూ కూడా తిరగలేదని మొగుడు ఎగతాళి చేశాడు కూడా.

ఇంత చేశాక, ఎవరో వచ్చి పుల్ల పెట్టారు.

తిట్టుకోవడానికి తర్వాత టైముంటుందని, ముందు సంచీలోంచి వంట థర్మామీటరు తీసింది. పాత వంటింట్లోంచి ఆవిడ పారేయకుండా దాచుకున్న వస్తువు అదొక్కటే. పై వరుసలో ఉన్న పాల సీసాలో ముంచింది. ఐదు డిగ్రీలు దాటకూడదు. ముల్లు పదకొండు దగ్గర ఆగింది. ఇంకో ఆలోచన లేకుండా పాలు దూరంగా గుంత తీసి పారబోసింది.

"అయ్యయ్యో, లీటరు పాలు! విరగలేదు కదే, వాసన కూడా లేదు!" అంది ఉల్లిపాయలు తరుగుతున్న అత్తగారు.

"వాసన వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది అత్తయ్యా. టీకి పొడిపాలు తెచ్చాను, బెంగ పెట్టుకోకండి."

పెట్టె అడుగుకి చెయ్యి పోనిచ్చింది. సీసాలు తగిలాయి. ఒకటి బయటికి తీసి ఊపింది. నీళ్లు కాస్తే కదిలాయి, మిగతాదంతా ఐస్. వాటి మధ్య ఉన్న కోడిమాంసం పొట్లం మూలన కొంచెం మెత్తబడింది కానీ నడుమ గోడలా గట్టిగా ఉంది. మూడు పొట్లాలూ నొక్కి చూసింది, మళ్లీ నొక్కి చూసింది. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు. పుల్ల ఉన్నది రెండు గంటలకి మించి ఉండదు. పొద్దున్న ఫలహారం అయ్యాక మూత తనే మూసింది మరి.

రాత్రికని రాసి పెట్టిన మాంసం ఇప్పుడే వండేద్దామని నిశ్చయించుకుంది. మెత్తబడడం మొదలుపెట్టినదాన్ని ఇంకా దాచడం ఎందుకు? రాత్రికి గుడ్లూ బంగాళాదుంపలూ సరిపోతాయి. పొట్లాల మీద 'రాత్రి' కొట్టేసి 'మధ్యాహ్నం' అని రాసింది. భయం తగ్గిన చోట కోపం వచ్చి కూర్చుంది.

కోపం తిన్నగా తోడికోడలి మీదికే పోయింది. ఎందుకు పోదు? బయట హోటల్లో పొట్లాలు కట్టించుకుని వెళదాం, ఎందుకొచ్చిన తంటా అని బయల్దేరేముందు అన్నది పెద్దకోడలే. ఆవిడ టీచరు. సెలవుల్లో కూడా పరీక్ష పేపర్ల కట్ట వదల్లేక వెంట తెచ్చుకుని, చెట్టు నీడన మడత కుర్చీలో కూర్చుని దిద్దుకుంటోంది.

"అక్కా, ఈ పుల్ల మూత కింద నువ్వు పెట్టావా?"

పెద్దకోడలు తలెత్తింది. "నేనా? నేనెందుకు పెడతాను?"

"మరెవరు పెట్టినట్టు? నడుచుకుంటూ వచ్చి అదే దూరిందా?"

"దాన్నెందుకు తీసేశావమ్మా?" అన్న మాట వెనక నుంచి వినిపించింది. మామగారు సరస్సులోంచి బకెట్‌తో నీళ్లు తెస్తున్నారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తలకి తడి తువ్వాలు చుట్టుకుని ఉన్నారు. "నేనే పెట్టాను దాన్ని."

చిన్నకోడలు గిర్రున వెనక్కి తిరిగింది. పెద్దకోడలు పేపర్లలోకి తల దించేసుకుంది.

"మీరా! ఎందుకు మామయ్యా?"

"రా, చూపిస్తాను." ఆయన బకెట్ దింపి, ఆవిణ్ని పెట్టె దగ్గరికి తీసుకెళ్లారు. మూత అంచు మీద వేలు రాసి, తడి వేలు చూపించారు. "చెమట పట్టింది చూశావా? ఇంత బిగించి మూస్తే లోపల సరుకు ఉక్కపోతకి ఉడికిపోదూ? కాస్త గాలి ఆడాలి. నువ్వేదో పనిలో ఉన్నావు, పిలవడమెందుకని నేనే పెట్టేశాను."

మామగారు ముప్ఫై నాలుగేళ్లు ధాన్యం గోడౌన్లో పనిచేశారు. బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపల వేడి పుడుతోందో లేదో చెప్పగల మనిషి. బస్తా చెమట పట్టిందంటే ఆయనకి నిద్ర పట్టేది కాదు. తలుపులన్నీ తెరిపించి, వరసల మధ్య సందులు పెట్టించి, గాలి ఆడితేగానీ ఇంటికి వచ్చేవారు కాదు. ఆయన చేతికింద ఒక్క బస్తా బూజు పట్టలేదని పెద్ద పేరు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

"మామయ్యా, ఇది ధాన్యం కాదు కదా..." అని మొదలుపెట్టింది చిన్నకోడలు.

ఆయన చెయ్యెత్తి ఆపారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నేను నిన్ను తప్పు పట్టడం లేదమ్మా. నీకు వంట తెలుసు, సరుకు దాచడం తెలీదు, అంతే. ఆ రోజు కూడా ఇలాగే అయింది."

"ఏ రోజు?"

"అదే, నా రిటైర్మెంట్ విందుకి ముందు రోజు. మేమంతా మీ ఇంట్లోనే పడుకున్నాం కదా. రాత్రి పదకొండింటప్పుడు మంచినీళ్లకని లేచాను. నీ పెద్ద ఫ్రిజ్ తలుపు నిండా చెమట, కింద ఇంత మడుగు! రేపటి సరుకంతా లోపల పెట్టి ఇలా బిగించేసిందేమిటీ పిల్ల అనుకుని, గరిటె కాడ అడ్డం పెట్టి తలుపు ఓరగా ఉంచాను. పొద్దున్న లేచి చూద్దును కదా, మళ్లీ మూసేసి ఉంది. ఆ తర్వాత ఏమైందో నీకు తెలుసు." ఆయన ఇంకా దగ్గరికి వచ్చి గుసగుసలాడారు. "తలుపు మూసేశావన్న సంగతి నేనెవరికీ చెప్పలేదమ్మా. చెబితే నీ మీద ఇంకా మాట పడుతుందని, నాలుగేళ్ల నుంచీ కడుపులో దాచుకున్నాను. అందుకే ఈసారి దగ్గరుండి సరిగ్గా చేయిద్దామనీ, నీ మీద పడ్డ మాట పోగొడదామనీ తిండి పని నీకే ఇప్పించాను."

చిన్నకోడలు అక్కడే, ఎర్ర పెట్టె మీద కూలబడింది.

నాలుగేళ్లు! పాలు తాజావి కావేమోనని ఒకసారి, గుడ్లలో ఏదో ఉందేమోనని ఒకసారి, గిన్నె సరిగా కడగలేదేమోనని, చేతి వేలికి తెగిన చోటు ఉందేమోనని, ఎన్నిసార్లు ఆ రోజుని తిరగేసి చూసుకుంది! దుకాణంలో పెన్నుల డబ్బా సర్దుతూ సర్దుతూ కూడా ఆ కస్టర్డ్ మళ్లీ మొదటి నుంచీ కాచేది మనసులో. ఎక్కడా తప్పు దొరికేది కాదు. తప్పు దొరకనివాడికి దిద్దుకునే దారి కూడా ఉండదు కదా. తన చేతిలోనే ఏదో లోపం ఉందని చివరికి నమ్మేసింది. తలుపు మాత్రం ఆవిడ లేచేసరికి మూసే ఉంది. విందు వేళకి తీస్తే, ముందు రోజు కాచిన కస్టర్డ్ చల్లగానే తగిలింది.

వేసవి కాలం. అర్ధరాత్రి ముందు నుంచి తెల్లారేదాకా ఓరగా తెరిచిన తలుపు. ఆరేడు గంటలు. కస్టర్డ్ పాడవడానికి ఇంకేం కావాలి?

న్యాయంగా ఆవిడకి ఒళ్లు మండిపోవాలి. మండింది కూడా, అబద్ధమెందుకు, ఒక నిమిషం పాటు మండింది. కానీ ఆ మంట వెనకే ఇంకోటి వచ్చి దాన్ని ముంచేసింది. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. నా చెయ్యి కాదు. నా చెయ్యి కాదు. ఎంత తేలిగ్గా అనిపించిందంటే, నవ్వొచ్చింది, నవ్వుతుండగానే కళ్ల నీళ్లు తిరిగాయి. మామగారు బెదిరిపోయారు.

"ఏమిటమ్మా, ఏమన్నాననీ?"

"ఏం లేదు మామయ్యా. కూర్చోండి. మీకొకటి చూపించాలి."

కళ్లు తుడుచుకుని లేచింది. ఎర్ర పెట్టెలోంచి ఒక సీసా, నీలం పెట్టెలోంచి ఒక సీసా తీసి ఆయన చేతులకిచ్చింది. ఒకదాంట్లో ఐస్ ముక్క కూడా లేదు. రెండోది దాదాపు అంతా ఐసే.

"రెండూ ఒకేసారి ఫ్రీజర్లోంచి తీశాను. పిల్లలు పొద్దస్తమానం మూత తెరిచి గాలి ఆడించిన పెట్టెలోది ఇది. మూసి ఉంచిన దాంట్లోది అది."

ఆయన రెండు సీసాలూ మార్చి మార్చి పట్టుకున్నారు. వేడీ చల్లదనమూ చెయ్యి పెట్టి చెప్పే మనిషికి థర్మామీటరు అక్కర్లేదు.

"ధాన్యానికి లోపల వేడి పుడుతుంది మామయ్యా, అది బయటికి పోవాలి. అందుకని మీరు తలుపులు తీసేవారు, అది సబబే. దీనికి వేడి బయట ఉంది. లోపలికి రాకూడదు."

"మరి ఈ చెమట?"

"అది లోపల్నుంచి వచ్చింది కాదు. బయట గాలిలో ఉన్న తడే చల్లటి గోడకి తగిలి బొట్లు కడుతుంది. చల్లటి నీళ్లు పోసిన గ్లాసుకి పట్టదూ? అదే ఇది."

దూరంగా నీళ్లలో చిన్నకోడలి మొగుడూ, అతని అన్నగారూ, పిల్లలూ కేకలు పెడుతున్నారు. మామగారు సీసాలు రెండూ నేల మీద పెట్టారు.

"అయితే ఆ గరిటె..."

"అవును మామయ్యా."

మెత్తగా చెప్పడానికి ఆవిడకి ఇంకో మాట దొరకలేదు. ఆయన మొహం పాలిపోయింది. తలకి చుట్టిన తువ్వాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నారు.

"పెట్టిందీ నేనే, రెండు గిన్నెలు తిన్నదీ నేనే," అన్నారు చివరికి. నవ్వబోయి నవ్వలేకపోయారు. "నిన్ను తీసుకెళ్లి ఆ పెన్నుల దుకాణంలో నిలబెట్టింది నేనన్నమాట. పైగా నిన్నేదో కాపాడుతున్నానని మురిసిపోయాను. ఎంత బుద్ధితక్కువ పనమ్మా!"

"తెలిసి చేశారా ఏమిటి? వదిలెయ్యండి. మన ఇద్దరికీ తెలిసింది, చాలు."

నోరు అలా అంది గానీ మనసు అనలేదు. చాలదు. అస్సలు చాలదు. మొగుడికి తెలియాలి, అత్తగారికి తెలియాలి, కంచం ముందు ముక్కు ఎగబీల్చే ప్రతివాళ్లకీ తెలియాలి. అది ఆవిడ మొహంలో కనిపించే ఉంటుంది, మామగారు తల అడ్డంగా ఊపారు.

"నలుగురి ముందు పడ్డ మాట కదమ్మా. నలుగురి ముందే తీసెయ్యాలి. నువ్వు వంట కానివ్వు, నేను చెబుతాను."

ఆ పూట చిన్నకోడలు వండిన తీరు చూడాలి! గాలికి పొయ్యి మంట ఆరిపోకుండా సామాన్ల పెట్టెలు అడ్డం పెట్టి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, మాంసం ముక్కలూ బంగాళాదుంపలూ మిరియాలూ వేసి మూత పెట్టింది. పచ్చిమాంసం ముట్టిన చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది, ముక్కలు కోసిన చెక్క మీద మరుగుతున్న నీళ్లు పోసింది. ఎప్పటిలా భయంతో కాదు, పని తెలిసిన మనిషి చేసే పనిలా చేసింది. ముక్క లోపల దాకా థర్మామీటరు గుచ్చి చూసి, తనలో తనే తల ఊపుకుంది. సోమవారం దాకా ఆగడమెందుకు, ఇవాళ సాయంత్రమే క్యాంటీన్ వాళ్లకి ఫోన్ చేసి సరేనని చెప్పేద్దామనుకుంది.

అందరూ చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. నీళ్లలో ఆడొచ్చిన పిల్లలు ఆవురావురుమంటూ ముందే మొదలుపెట్టేశారు. పెద్దవాళ్లకి వడ్డించగానే మామగారు లేచి నిలబడ్డారు.

"తినేముందు నేనొక మాట చెప్పాలి."

"ఇప్పుడు ఉపన్యాసమేమిటండీ, అన్నం చల్లారిపోతుంది," అంది అత్తగారు.

"చల్లారితే చల్లారనీ. ఇది నాలుగేళ్ల కిందట చెప్పాల్సిన మాట." ఆయన ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. నీళ్లకి లేవడం, ఫ్రిజ్ చెమట చూడడం, గరిటె కాడ అడ్డం పెట్టడం, అన్నీ వరసగా చెప్పారు. "ఆ కస్టర్డ్ పాడుచేసింది నేను. చిన్నకోడలి చేతిలో ఏ లోపమూ లేదు. నాలుగేళ్లుగా మాట పడ్డది ఆ పిల్ల, పడాల్సింది నేను. నన్ను క్షమించమ్మా."

మొగుడు కంచంలోంచి చెయ్యి తీసేసి, పెళ్లాం వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. తనూ ఒకటి రెండుసార్లు వాసన చూసినవాడే. బావగారు సిగ్గుగా మెడ రుద్దుకున్నారు. అత్తగారు నుదురు కొట్టుకుంది.

"ఎంత పని చేశారండీ! నాతోనైనా ఒక్క మాట అనకపోయారా?" అని, లేచి వచ్చి చిన్నకోడలి తల నిమిరింది. "నేనూ పాపం చేశానే. నీ వంట ముందు ఎన్నిసార్లు సందేహపడ్డానో నీకు తెలీదు."

"తెలుసు అత్తయ్యా," అంది చిన్నకోడలు, కళ్లనిండా నీళ్లతో నవ్వుతూ. "కూర్చోండి, తినండి. ఈసారి వాసన చూడకండి."

అందరూ ఒక్కసారిగా నవ్వారు. అలా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ నవ్వి ఎన్నాళ్లైందో. మొగుడు పెద్ద ముక్క తీసుకుని, వాసన చూడకుండా నోట్లో పెట్టుకుని, వేడికి నోరు కాల్చుకుని, అయినా బాగుందంటూ తల ఊపాడు. చిన్నకోడలికి ఆ పూట తన కంచంలో ఏముందో కూడా తెలియలేదు, కడుపు అప్పటికే నిండిపోయింది.

"ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు," అన్నారు మామగారు మళ్లీ కూర్చుంటూ. "పొద్దున్న నేను లేచేసరికి తలుపు మూసి ఉంది. ఇన్నాళ్లూ చిన్నకోడలే మూసిందనుకున్నాను. నువ్వే కదమ్మా?"

"లేదు మామయ్యా. నేను లేచేసరికి కూడా మూసే ఉంది. అసలు అది తెరిచి ఉందనే నాకు తెలీదు."

"నేనైతే కాదు, నేను ఎనిమిదింటి దాకా లేవనే లేదు," అన్నాడు మొగుడు.

"నేనూ కాదు," అంది అత్తగారు.

ఇందాక అందరూ నవ్వినప్పుడు పెద్దకోడలు మాత్రం నవ్వలేదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, కంచం పక్కకి జరిపింది.

"నేను మూశాను," అంది.

అత్తగారు ఆవిడ వైపు తిరిగింది.

"ఆరింటికి లేచాను. తలుపు మధ్య గరిటె ఉంది. తీసి గట్టు మీద పెట్టి, తలుపు మూశాను." ఆవిడ తోడికోడలి కళ్లలోకి తిన్నగా చూసింది. ఈ నాలుగేళ్లలో అలా చూడడం అదే మొదటిసారి. "మూసేముందు కస్టర్డ్ గిన్నె మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది."